వైడ్ జూమ్: ఎఫ్2.8 కావాలా, స్టెబిలైజర్ సరిపోతుందా?

వెన్నెలబాట:
నాది కెనాన్ ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) బాడీ. కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ 18 ఎంఎం దగ్గరే ఆగిపోతుంది (ఎంఎం తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది), గోడకు వీపు ఆనించి నిలబడ్డా గది ఫ్రేములో పట్టదు. కెనాన్ 10-18 ఎఫ్4.5-5.6 ఐఎస్ (చెయ్యి వణుకును తగ్గించే స్టెబిలైజర్ ఉన్నది), టోకినా 11-16 ఎఫ్2.8 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుగు), ఈ రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. ఎక్కువగా పాత కట్టడాల లోపలి భాగాలు తీస్తాను, అప్పుడప్పుడూ నక్షత్రాలు. ఏది తీసుకోమంటారు?

మూడుకాళ్లవాడు:
టోకినానే. 4.5తో పోలిస్తే 2.8లో రెండున్నర రెట్లు వెలుగు వస్తుంది. నక్షత్రాలకు 25 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి, కాబట్టి షట్టర్ తెరిచి ఉంచే సమయం ఇంకా పెంచలేం. టోకినాలో ఐఎస్ఓ (వెలుగును పెంచి చూపే సెట్టింగ్) 3200తో అయిపోయే పనికి 10-18లో 8000 పెట్టాలి. ఆ నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) ఎవరు శుభ్రం చేస్తారు?

నీడపటం:
మూడుకాళ్ల గారూ, మీ పేరులోనే ట్రైపాడ్ ఉంది, మీకేం! వెన్నెలబాట ముందు చెప్పింది కట్టడాల లోపలి సంగతి. అలాంటి చాలాచోట్ల ట్రైపాడ్ పెట్టనివ్వరు. 10-18లో స్టెబిలైజర్ ఉంది, 10 ఎంఎం దగ్గర పావు సెకను కూడా చేత్తో పట్టుకుని తీయొచ్చు. టోకినాలో అది లేదు. పైగా లోపల తీసేటప్పుడు దగ్గరి స్తంభం నుంచి చివరి గోడ దాకా షార్ప్‌గా రావాలంటే ఎలాగూ లెన్సు రంధ్రం సన్నం చేసి ఎఫ్8 పెడతాం. 10 ఎంఎం, ఎఫ్8 పెట్టి 70 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, దాదాపు 35 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా ఫోకస్‌లోనే ఉంటుంది. మరి డబ్బు పోసి కొన్న 2.8 ఎందుకు?

ఇంకోటి, ఒక్క మిల్లీమీటరే కదా అనుకోకండి. మీ బాడీ మీద 10 దగ్గర కోణం 107 డిగ్రీలు, 11 దగ్గర 101. ఇరుకు గదిలో ఆ ఆరు డిగ్రీలే కిటికీని ఫ్రేములోకి తెస్తాయి. బరువు చూస్తే 10-18 240 గ్రాములు, టోకినా 560.

మూడుకాళ్లవాడు:
లోపల మనుషులు తిరుగుతుంటే? స్టెబిలైజర్ మీ చెయ్యి వణుకును ఆపుతుంది గానీ, నడిచే మనిషిని ఆపదు. పావు సెకనులో అందరూ పొగలా వస్తారు. పైగా 10-18కి మౌంట్ (కెమెరాకు బిగించే భాగం) ప్లాస్టిక్, దూరం చూపే స్కేలు లేదు. ఫోకస్ రింగు తిరిగేది మోటారు ద్వారా, కెమెరా ఆఫ్‌లో ఉంటే ఎంత తిప్పినా ఏమీ జరగదు. చీకట్లో నక్షత్రం మీద ఫోకస్ చేసి చూడండి, తెలుస్తుంది.

నీడపటం:
లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద చూస్తూ) పది రెట్లు జూమ్ చేసి ఒక చుక్క మీద సరిచేసుకుంటే సరిపోతుంది, అదేం బ్రహ్మవిద్య కాదు. టోకినాలో మాత్రం ఎదురు వెలుగుకు ఫ్లేర్ (వెలుగు మరకలు), ఆకుల అంచుల్లో ఊదా గీతలు అందరికీ తెలిసినవే.

పాతషట్టర్:
మీ ఇద్దరూ కొట్టుకోండి గానీ, ఒక మాట. ఏ లెన్సు కొన్నా అంచుల్లో మనిషిని పెట్టకండి, తల పక్కకు సాగి గుమ్మడికాయలా వస్తుంది. అది లెన్సు లోపం కాదు, సరళరేఖల్ని వంచకుండా చూపాలంటే అంచులు సాగక తప్పదు. కెమెరా పైకెత్తితే స్తంభాలు వెనక్కి వాలతాయి, కాబట్టి మట్టంగా పట్టుకుని తీసి తర్వాత క్రాప్ చేసుకోండి. అందుకే మీ పనికి 10 ఎంఎం ఉండాల్సిందే. నా ఓటు 10-18కి.

వెన్నెలబాట:
ట్రైపాడ్ పెట్టనివ్వరు, నిజమే. జనం లేని వేళే చూసుకుని వెళ్తాను. 10-18 తీసుకుంటాను. నక్షత్రాలకు విడిగా సామ్‌యాంగ్ 14 ఎంఎం ఎఫ్2.8 మాన్యువల్ పెట్టుకుంటే?

మూడుకాళ్లవాడు:
పెట్టుకోండి, ఆకాశానికి బాగుంటుంది. ముందు గాజు ఉబ్బెత్తుగా ఉంటుంది, మామూలు ఫిల్టర్ ఎక్కదు. సరళరేఖలు మీసంలా వంగుతాయి, ఆకాశంలో కనపడదు గానీ కట్టడాలకు మాత్రం దాన్ని బయటికి తీయకండి.