సొరచేపలకు మేత వేసే డైవ్‌లు: మేలా, కీడా?

ప్రశ్న: ఫిజీ బెకా లగూన్‌లో సొరలకు మేత వేసి డైవర్లకు చూపిస్తారు. ఫ్లోరిడా మాత్రం 2002 నుంచి తన జలాల్లో దీన్ని నిషేధించింది. సొరల రక్షణకు ఇలా మేత వేయడం నిజంగా పనికొస్తుందా?

జవాబు 1: డబ్బు ఎవరికి చేరుతోందో చూడండి. ఫిజీలో 2004లో షార్క్ రీఫ్ అనే పగడపు దిబ్బను రక్షిత ప్రాంతం చేశారు. డైవర్లు కట్టే రుసుము అక్కడ వేట మానుకున్న ఊళ్లకు వెళ్తుంది. అలాంటి ఒప్పందం లేనిచోట మేత వేయడం వట్టి ప్రదర్శనే.

జవాబు 2: మేతకు అలవాటుపడి వలస మానేస్తాయన్న భయం ఉంది కదా, బహామాస్ టైగర్ షార్క్‌లకు ఉపగ్రహ ట్యాగ్‌లు కట్టి చూస్తే అవి అట్లాంటిక్‌లో దూరాలు తిరుగుతూనే ఉన్నాయి. మయామీ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ప్రచురించారు. అయితే ఈ ఫలితాన్ని రీఫ్ వదలని చిన్న జాతులకు అంటగట్టకూడదు.

జవాబు 3: పద్ధతి కూడా ముఖ్యమండీ. మేత మూత ఉన్న పెట్టెలోనే ఉంచి, ట్యూనా తలకాయలు ఒక్కొక్కటే తీయాలి. వాసన ప్రవాహం వెంట పోతుంది, సొర ఆ దారినే ఎదురొస్తుంది. అందుకే డైవర్లను పెట్టె నుంచి ప్రవాహం పోయే వైపు కూర్చోబెట్టొద్దు. నల్ల గ్లవ్స్ తప్పనిసరి, తెల్లటి చెయ్యి మేతముక్కలా కనిపిస్తుంది. ముక్కలు డైవర్ల మధ్యకు కొట్టుకొస్తే వెంటనే మేత ఆపేయాలి.