అప్‌డేట్: తెనాలి పాతిల్లు అమ్మి ఫ్లాట్ కొన్నాం, పన్ను సంగతి తేలింది

నాన్నగారు 1974లో కట్టిన ఇల్లు నేను రిటైరయ్యాక అమ్మి, ఆ డబ్బుతో విజయవాడలో ఫ్లాట్ కొంటే పన్ను ఎంత పడుతుందని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

బాగా పనికొచ్చింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 2001 నాటి మార్కెట్ విలువ తీయించమన్న సలహా. వారసత్వపు ఇల్లయినా, నాన్నగారికి అది 2001 ఏప్రిల్ 1కి ముందే ఉంది కాబట్టి ఆ రోజు విలువనే కొన్న ధరగా చూపించొచ్చు. అయితే అది అప్పటి స్టాంప్ డ్యూటీ విలువను దాటకూడదు. వాల్యుయర్ ఎక్కువ వేసిస్తే ఆడిటర్ ఒప్పుకోలేదు, ఆయనదే సరి.

ఆ విలువ తీసేయగా మిగిలిన లాభం, ఇల్లు అమ్మిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే పన్ను మినహాయింపిచ్చే సెక్షన్ 54 (1961 ఆదాయపు పన్ను చట్టం) కింద ఫ్లాట్‌లోకి పోయింది, పన్ను సున్నా. పెట్టాల్సింది లాభమే, అమ్మిన మొత్తం కాదు (నా సగం కంగారు ఇదే). కొనడానికి గడువు అమ్మకానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత దాకా, కట్టుకుంటే మూడేళ్లు. కొత్త ఫ్లాట్ మూడేళ్లు అమ్మకూడదు.

క్యాపిటల్ గెయిన్స్ ఖాతా (ఇల్లు కొనేదాకా లాభం దాచుకునే బ్యాంకు ఖాతా), 54ఈసీ బాండ్లు (లాభం పెడితే పన్ను మినహాయింపిచ్చే బాండ్లు) అక్కర్లేకపోయాయి. రిటర్ను గడువులోపే రిజిస్ట్రేషన్ అయిపోయింది. కొన్నవాళ్లు కోసిన 1 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే పన్ను) రిఫండొచ్చింది.

ఇంకొకటి: వీధిగుమ్మం టేకు తలుపులు తెచ్చుకోవాలనుకుంటే అగ్రిమెంట్‌లోనే రాయించండి. మావి ఇంటితోపాటే పోయాయి.