ఉట్టికెగరలేనమ్మ, కోల్‌వుడ్ రాకెట్టు

"'ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట' అన్న సామెతను పిల్లల ముందు వాడటం మానేయాలా?" అని మొన్న మన గుంపులో ఒకరు అడిగారు. జవాబులిచ్చినవాళ్లలో ఎక్కువమంది మానేయాలనే అన్నారు. పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లే మాట అట, కలలు కనే వయసులో చెవిన పడకూడదట. వాళ్ల బాధ నాకు అర్థమైంది. కానీ సామెతను పారేద్దామంటే మాత్రం ఒప్పుకోలేను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. 1999లో వచ్చిన 'అక్టోబర్ స్కై' అనే అమెరికన్ సినిమాను కూడా ఈ చర్చలోకి తెస్తున్నాను. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ సినిమా అది. ఈ సామెతకు అంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

ముందు సామెత సంగతి. దీనికి రెండు పాఠాలున్నాయి. ఒకటి 'ఎగరలేనమ్మ', రెండోది 'ఎక్కలేనమ్మ'. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా" అని ప్రశ్నలా అనేవాళ్లూ ఉన్నారు. నాకు 'ఎగరలేనమ్మ' పాఠమే ఇష్టం. తెలుగులో పిల్లాడు గంతేసినా ఎగరడమే, పిట్ట గాల్లోకి లేచినా ఎగరడమే. చెట్టు కొమ్మ అందుకోవడానికి ఎగురుతాం, విమానమూ ఎగురుతుంది. అందుకే ఈ సామెతలో ఉట్టికీ స్వర్గానికీ మధ్య ఉన్నది దూరంలో తేడాయే. చెయ్యాల్సిన పని ఒకటే, ఎగరడం. చిన్న ఎగురుడు చేతకాకుండా పెద్ద ఎగురుడు ఎలా వస్తుందని అడుగుతోందంతే. స్వర్గం ఊసే ఎత్తకు అనే మాట ఇందులో ఎక్కడా లేదు.

ఉట్టిని చూడని పిల్లలు ఇప్పుడు చాలామంది కాబట్టి రెండు ముక్కలు. వంటింట్లో దూలానికి తాళ్లతో అల్లి వేలాడదీసేది ఉట్టి. పాలు, పెరుగు, వెన్న కుండలు పిల్లికి అందకుండా అందులో పెట్టేవాళ్లు. ఇంటి ఇల్లాలికి రోజుకు నాలుగుసార్లు దానితో పని. అందుకే సామెతలో అమ్మ వచ్చింది. ఆడవాళ్లను వెక్కిరించడానికే అలా పెట్టారని ఒకరు రాశారు. వాడుకలో ఆ వెక్కిరింపు ఉన్న మాట నిజమే. ఉట్టితో మగవాళ్లకున్న సంబంధం వేరు. కృష్ణాష్టమికి ఉట్టి కొట్టడం, రాయలసీమ పల్లెల్లో ఉట్లమాను ఎక్కడం వాళ్ల పండుగ పనులు. నూనె రాసిన ఆ మాను మీద ఒకడు జారితే ఇంకొకడు ఎక్కుతాడు, వాడూ జారితే మొదటివాడే మళ్లీ వస్తాడు. అక్కడ జారినవాణ్ణి చూసి 'నీకెందుకురా' అనేవాళ్లుండరు, భుజమిస్తారు. ఉట్టి దగ్గర అందని పనికి భుజమిచ్చే అలవాటు కూడా మనదేనని మరిచిపోవద్దు.

ఇక సినిమా. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో కోల్‌వుడ్ అనే బొగ్గు గని ఊరు. ఇళ్లు, కొట్లు, బతుకులు అన్నీ గని కంపెనీవే. కొడుకు పుడితే పెద్దయ్యాక గనిలో దిగాలి. తప్పించుకోవాలంటే ఒకటే దారి, ఫుట్‌బాల్ బాగా ఆడి కాలేజీ స్కాలర్‌షిప్ కొట్టాలి. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ అనే తొలి కృత్రిమ ఉపగ్రహాన్ని పైకి పంపింది. ఊరంతా రాత్రి వీధిలో నిలబడి ఆకాశంలో కదిలిపోతున్న చుక్కను చూశారు. ఆ గని సూపరింటెండెంట్ కొడుకు హోమర్ హికమ్ కూడా చూశాడు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర, నేను రాకెట్ తయారు చేస్తాను అని ప్రకటించాడు. లెక్కల్లో అంతంతమాత్రం, ఫుట్‌బాల్‌లో అదీ లేదు. మన ఇళ్లలో అయితే ఆ బల్ల దగ్గర ఏ సామెత వినపడేదో చెప్పక్కర్లేదు.

ఇది కట్టుకథ కాదు. హోమర్ హికమ్ తర్వాత నాసాలో ఇంజినీరై వ్యోమగాములకు శిక్షణ ఇచ్చాడు, 1998లో 'రాకెట్ బాయ్స్' పేరుతో తన చిన్ననాటి కథ రాసుకున్నాడు. ఆ పుస్తకమే సినిమా అయింది. మన గుంపులో అక్షరాలతో ఆడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక విశేషం: ఇంగ్లీషులో 'రాకెట్ బాయ్స్' అన్న పేరులోని పది అక్షరాలనే అటూ ఇటూ మార్చి పేర్చితే 'అక్టోబర్ స్కై' వస్తుంది. ఒక్క అక్షరం మిగలదు, ఒక్కటి తగ్గదు.

అంతకన్నా నన్ను కట్టిపడేసిన విశేషం ఇంకొకటి. ఆ పిల్లలు తమ రాకెట్లకు పెట్టుకున్న పేరు 'ఆక్'. అదొక సముద్రపు పక్షి. అందులో పెద్ద ఆక్ అనే జాతికి ఎగరడం రాదు. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఆ జాతి మొత్తం అంతరించిపోయింది కూడా. ఆకాశానికి పంపే రాకెట్టుకు ఎగరలేని పక్షి పేరు! ఉట్టికెగరలేనమ్మ అన్న బిరుదును ఎవరో అనకముందే తామే తెచ్చి తగిలించుకున్నట్టుంది. మొదటిది ఆక్ ఒకటి, తర్వాత రెండు, మూడు... అలా ముప్పై ఒకటి దాకా. ఒక్కో అంకె వెనక ఒక ఉట్టి ఉంది.

అసలు మొదటి ప్రయత్నానికి పేరు కూడా లేదు. టపాకాయల మందు కూరి వెలిగిస్తే పైకి లేవలేదు సరికదా, అమ్మ పెంచుకుంటున్న తోట కంచె ఎగిరిపోయింది. ఆ తర్వాతే చదువు మొదలైంది. ఇంధనం ఎంత, ఏది, ఏ పాళ్లలో? చక్కెరతో ఒకటి, జింకు పొడి గంధకం కలిపి ఇంకొకటి. మంట బయటికొచ్చే నాజిల్ వేడికి కరిగిపోతుంటే గట్టి ఉక్కు కావాలి. ఉక్కుకు డబ్బు కావాలి. వదిలేసిన రైలు పట్టాలు పీకి అమ్మారు. గని వర్క్‌షాపులో పనిచేసే కార్మికులు యజమానికి తెలియకుండా లోహం కోసిపెట్టారు, వెల్డింగ్ చేసిపెట్టారు. బొగ్గు చెత్త పోసే మైదానమే వాళ్ల ప్రయోగశాల. దానికి కేప్ కోల్‌వుడ్ అని పేరు పెట్టుకున్నారు.

సినిమాలో నేను పదేపదే చూసే ఘట్టం అడవి మంట గొడవ. ఊరి దగ్గర అడవి తగలబడితే, ఈ పిల్లల రాకెట్టే కారణమని పోలీసులు పట్టుకెళ్తారు. అప్పుడు హోమర్, అతని స్నేహితుడు క్వెంటిన్ కూర్చుని లెక్క వేస్తారు. ఆ రాకెట్ ఎంత ఎత్తుకు వెళ్లింది, ఎన్ని సెకన్లలో పడింది, గాలి ఎటు వీచింది, అంటే ఎంత దూరంలో పడి ఉండాలి? లెక్క చెప్పిన చోటికి వెళ్లి వెతికితే వాగులో దొరుకుతుంది. మంట అంటుకున్న చోటు దాకా అది వెళ్లే అవకాశమే లేదని తేలుతుంది. లెక్కలంటే దడుసుకునే కుర్రాడు ఆ రోజు లెక్కతోనే తన మీద పడ్డ నింద తుడిచేసుకున్నాడు. కల వాడి చేత చదివించింది! పరీక్ష టెన్షన్‌తో ఎన్నేళ్లు కూర్చున్నా రాని చదువు అది.

ఇక్కడ మనకందరికీ తెలిసిన ఏనుగు లక్ష్మణకవి పద్యం గుర్తు చేసుకోవాలి. భర్తృహరికి తెలుగు సేత.

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై
యారంభించి పరిత్యజింతు రురువిఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

బడిలో దీన్ని అధములు, మధ్యములు, ధీరులు అని మూడు ముక్కలు చేసి, మార్కుల కోసం అప్పజెప్పి వదిలేశాం. అడ్డంకులకు భయపడి మొదలే పెట్టనివాళ్లు అధములు. మొదలుపెట్టి, పెద్ద అడ్డంకి రాగానే వదిలేసేవాళ్లు మధ్యములు. ధీరుల సంగతి నిదానంగా చదవండి. 'విఘ్ననిహన్యమానులగుచున్' అన్నాడు, అంటే అడ్డంకుల చేత దెబ్బలు తింటూనే. 'లుజ్జగింపరు' అన్నచోట ఉన్నది ఉజ్జగించు, అంటే వదిలిపెట్టు. దెబ్బలు తింటూ కూడా వదలరు అని ఆపేశాడు కవి. గెలుస్తారని అనలేదు! నాలుగు పాదాల్లో ఎక్కడా ఫలం ప్రస్తావన లేదు. ధీరుడన్న పేరు రావడానికి గెలుపు షరతు కాదు. పిల్లలకు ఈ పద్యం నేర్పేటప్పుడు ఆ ఒక్క విషయం చెబితే చాలు, సగం భయం పోతుంది.

ఇంకో మాట, 'ప్రారబ్ధం'. ఇవాళ మనం "అంతా నా ప్రారబ్ధం" అని నుదురు కొట్టుకోవడానికి వాడుతున్నాం. పద్యంలో దానర్థం మొదలుపెట్టిన పని, అంతే. ప్రారంభం అన్న మాటకు చుట్టం. మన చేతులతో మొదలెట్టిన దాన్ని పట్టుకుని రాతగా మార్చేసుకున్నాం. కోల్‌వుడ్‌లో గని ఆ రెండో అర్థంలో ప్రారబ్ధం, రాకెట్టు మొదటి అర్థంలో.

'తివిరి యిసుమున తైలంబు తీయవచ్చు' పద్యాన్ని కూడా ఒకరు ఉదహరించారు. ఇసుకలో నూనె, ఎండమావిలో నీళ్లు, కుందేటి కొమ్ము అన్నీ అసాధ్యమైన కలలే కదా అని. గొప్ప పద్యమే, ఈ చర్చకు సరిపడదు. అందులో కవి గురి మూర్ఖుడి మనసు మీద. ఈ కథలో హోమర్ తండ్రిని ఆ మూర్ఖుడి స్థానంలో కూర్చోబెడితే చాలా అన్యాయం చేసినట్టు.

ఆ తండ్రి గురించి చెప్పకుండా ఉండలేను. సినిమాలో ఆయన పేరు జాన్, క్రిస్ కూపర్ వేశాడు. కొడుకు రాకెట్లంటే పడదు, కంపెనీ స్థలంలో వదలొద్దంటాడు. అదే మనిషి గనిలో ప్రమాదం జరిగితే లోపలున్నవాళ్లను కాపాడబోయి కంటికి దెబ్బ తగిలించుకుంటాడు. ఆయనకు గని అంటే ప్రేమ. తను ప్రేమించిన పనినే కొడుక్కి ఇవ్వాలనుకుంటాడు. మన రైతు తండ్రుల్లో, మగ్గం దగ్గర కూర్చున్న తండ్రుల్లో ఈయన లేడా? తండ్రి మంచాన పడితే హోమర్ చదువు మానేసి గనిలో దిగుతాడు. అక్కడ పనిచేస్తూనే టీచరు ఇచ్చిన పుస్తకం తెరిచి లెక్కలు మళ్లీ మొదలుపెడతాడు. లక్ష్మణకవి చెప్పిన 'ఉజ్జగింపరు' నాకు ఆ పుస్తకం తెరవడంలో కనిపిస్తుంది.

ఆ టీచరు ఫ్రీడా రైలీ. ఆమె కూడా నిజం మనిషే. హోమర్ 1960లో ఇండియానాపొలిస్‌లో జరిగిన జాతీయ సైన్స్ ఫెయిర్ దాకా వెళ్లి పతకంతో తిరిగొచ్చాడంటే వెనక నిలబడింది ఆమె. హాడ్జ్‌కిన్స్ అనే క్యాన్సర్ జబ్బుతో 1969లో, 31 ఏళ్లకే పోయింది. తల్లి ఎల్సీ ఇంకో తీరు. ఆ బొగ్గు ఊళ్లో, వంటింటి గోడ మీద సముద్రపు ఒడ్డు బొమ్మ వేసుకుంటూ ఉంటుంది. సామెతలోని అమ్మ, ఉట్టి ఉన్న గది, అందని స్వర్గం మూడూ ఆ గోడ దగ్గర ఒక్కచోట ఉన్నాయి. కంచె పేలిపోయిన రోజు కూడా ఆమె కొడుకును ఆపలేదు.

ఇది అమెరికా కథ, మనకెందుకు అని ఒకరు రాశారు. రాకెట్లు ఎగిరే నేల మనదీ. శ్రీహరికోట నుంచి మన రాకెట్ ఎస్ఎల్‌వీ-3 మొదటిసారి 1979 ఆగస్టు 10న లేచి బంగాళాఖాతంలో పడిపోయింది. మరుసటి ఏడాది జులై 18న అదే శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. సూళ్లూరుపేట దాటి పోతున్నప్పుడు పిల్లలకు రెండో తేదీతో పాటు మొదటి తేదీ కూడా చెప్పండి.

ఇక అసలు ప్రశ్నకు జవాబు. సామెత ఉండాలి. అనే పద్ధతి మారాలి. రాకెట్ చేస్తానన్న పిల్లాడితో 'ఉట్టికెగరలేనమ్మ' అని నవ్వి లేచిపోతే అది వెక్కిరింపు. అదే సామెత అని, పక్కన కూర్చుని "సరే, నీ ఉట్టి ఏంటో చెప్పు, ఈ నెలలో ఏం నేర్చుకుంటావు?" అని అడిగితే అది సలహా. 'సాధనమున పనులు సమకూరు ధరలోన' అని వేమన చెప్పింది ఈ రెండో పద్ధతిలోనే. తినగ తినగ వేము తియ్యనవుతుందన్నవాడు మొదటి ముద్ద చేదని ఎక్కడా దాచలేదు.

కింద ఒక సోదరి అడిగారు, కలలు కనేవాణ్ణి నేరుగా వెన్నుతట్టే సామెత తెలుగులో ఒక్కటీ లేదా అని. పద్యాలు బోలెడు గుర్తొస్తున్నాయి, అచ్చమైన నోటి సామెత మాత్రం నాకు వెంటనే తట్టడం లేదు. 'ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం', 'నేల విడిచి సాము' లాంటివన్నీ అవతలి వైపువే. మీ అమ్మమ్మలు, తాతయ్యలు వాడినవి ఏమైనా ఉంటే రాయండి, ఊరు పేరుతో సహా. అలాగే మీ వైపు 'ఎగరలేనమ్మ' అంటారా, 'ఎక్కలేనమ్మ' అంటారా? స్వర్గానికి బదులు ఆకాశం అనేవాళ్లున్నారా? జిల్లా కూడా రాస్తే పాఠాలన్నీ ఒకచోట చేర్చి పెడతాను.