పక్షవాతం తర్వాత బుద్ధి మందగించడం: 48లో వచ్చినా 76లో వచ్చినా ఒకటేనా?

రాయగడ ఫిజియో:
ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. ఇద్దరి గురించి అడుగుతున్నా. ఒకాయనకు 48, ఇంకొకాయనకు 76. కాళ్లూ చేతులూ బాగానే తిరిగొచ్చాయి గానీ పనుల వరస తప్పిపోతోంది. ఇద్దరి కాయితాల్లోనూ ‘వాస్క్యులర్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్’ (రక్తనాళాల జబ్బు వల్ల బుద్ధి మందగించడం) అనే రాశారు. 48 ఏళ్లాయనకు బుద్ధిని కొలిచే ఎంఎంఎస్‌ఈ అనే ప్రశ్నల పరీక్షలో 30కి 28 వచ్చింది, అయినా కొట్టు లెక్కలు చూసుకోలేకపోతున్నారు. వయసును బట్టి ఏం మారుతుంది? ఇంకా ఏం చేయించమనాలి?

నాగావళి:
ఆ 28ని నమ్ముకోకండి. ఎంఎంఎస్‌ఈ అడిగేది ఎక్కువగా తేదీ, ఊరు, జ్ఞాపకం, భాష. చిన్న రక్తనాళాలు దెబ్బతింటే ముందు పోయేది ఆలోచనలో వేగం, పనిని వరసలో పెట్టుకునే నేర్పు. వాటిని కూడా చూసే మోకా అనే ఇంకో పరీక్ష చేయించండి, తెలుగులో ఉంది. చదువు లేనివాళ్లకు మోకా బేసిక్ వేరే ఉంది. అయితే మీ వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అక్షరం చెప్పి దాంతో మొదలయ్యే మాటలు అడిగితే తెలుగు లిపి రానివాళ్లకు ఊరికే మార్కులు పోతాయి. ఏ భాషలో లెక్క కడతారో ముందు కనుక్కోండి. పక్షవాతం వచ్చిన 3 నెలల లోపు వచ్చిన మార్కులను బట్టే తేల్చేయకండి, ఆ తర్వాత మళ్లీ పరీక్ష పెట్టించండి. అంతకుముందు నీరసం, దిగులు కూడా మార్కులు తగ్గిస్తాయి.

ఇంట్లో చూడాల్సింది ఒకటుంది. టీ పెట్టమని చెప్పి పక్కన మౌనంగా నిలబడండి. పాలు, పొడి ఎదురుగా ఉన్నా కదలకుండా ఉండి, ‘నీళ్లు పెట్టండి’ అనగానే మిగతాదంతా చేసేస్తే అది మరుపు కాదు, పని మొదలుపెట్టే శక్తి తగ్గడం. ఇంటివాళ్లు దాన్ని బద్ధకం అనుకుని తిడుతుంటారు, అది ఆపించాలి.

కేజీ వార్డు:
వయసు సంగతి నేను చెప్తాను. 48లో వస్తే కారణం దొరికేదాకా వెతకాలి. బీపీ, షుగర్, పొగాకు (చుట్ట, గుట్కా, ఖైనీ అన్నీ విడివిడిగా అడగండి) ఉన్నాయని అక్కడితో ఆపకూడదు. రుమాటిక్ గుండె జబ్బుతో కవాటం బిగుసుకుంటే గడ్డలు మెదడుకు వెళ్తాయి, కాబట్టి ఈసీజీ, ఎకో తప్పవు. యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష (రక్తం గడ్డకట్టించే యాంటీబాడీల కోసం చేసేది) పాజిటివ్ వస్తే 12 వారాలు ఆగి మళ్లీ చేస్తేనే లెక్క.

మీ జిల్లాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) తప్పకుండా చూడాలి. అందులో బయటికి పక్షవాతం కనబడకుండానే మెదడులో చిన్న చిన్న మచ్చలు పడతాయి.

ఇంట్లో తండ్రికో మేనత్తకో 50 దాటగానే ఇలాగే అయి, ఈయనకు ముందునుంచీ మైగ్రేన్ ఉంటే క్యాడసిల్ అనే, మెదడులోని చిన్న రక్తనాళాలు దెబ్బతినే వంశపారంపర్య జబ్బును అనుమానించాలి. నాచ్3 జన్యువు లోపం, పిల్లలకు సగం అవకాశం. ఎంఆర్‌ఐలో కణతల లోపలి మెదడు భాగం ముందు కొస తెల్లగా ఉందేమో అడగండి.

76 ఏళ్లాయన కథ వేరు. ఆ వయసులో రక్తనాళాల జబ్బు ఒక్కటే ఉండటం అరుదు, అల్జీమర్స్ కూడా తరచు కలిసి ఉంటుంది. కొత్త పక్షవాతం రాకుండానే నెమ్మదిగా దిగజారుతుంటే అదే అనుమానం. అప్పుడు అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ అనే మందుతో కొంత ప్రయోజనం ఉండొచ్చు. ఇద్దరికీ బీ12, థైరాయిడ్ చూడాల్సిందే, దిగులు ఉందేమో కూడా.

రాయగడ ఫిజియో:
బీపీ ఇద్దరికీ ఒకేలా దించొచ్చా? ఎంఆర్‌ఐకి రంగు (కాంట్రాస్ట్) ఇంజెక్షన్ కావాలా?

కేజీ వార్డు:
48లో పై అంకె 130 లోపు ఉంచడమే అసలు వైద్యం. నడివయసు బీపీయే తర్వాత మెదడును తినేది. 76 ఏళ్లాయనకు 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక 1, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే మందు పెంచకుండా డాక్టరుకు చెప్పండి.

ఎంఆర్‌ఐకి మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు. ఉద్దానం వైపు వాళ్లయితే కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి, ఎవరైనా ఇంజెక్షన్ రాస్తే ముందు క్రియాటినిన్ చూపించండి.

నాగావళి:
మందుల సంచి కూడా విప్పి చూడండి. మూత్రం ఆగట్లేదని ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, నిద్రకని ఇచ్చే అమిట్రిప్టిలిన్ పెద్దాయన బుద్ధిని ఇంకా మందగింపజేస్తాయి. మీరే ఆపేయకండి, పేరు రాసుకుని డాక్టరుకు చూపించండి.