బూట్ మెనూ ఐదు సెకన్లు కనబడితే ఎవరి సొమ్ము పోయింది?

మద్దిలపాలెం ఫైనలియర్:
నిన్న రాత్రి పదకొండు నుంచి రెండున్నర దాకా ఒకటే పని. పవర్ బటన్ నొక్కడం, ఎఫ్12 మీద టకటకా కొట్టడం, విండోస్ లోగో రాగానే తిట్టుకుని మళ్లీ ఆపడం. ప్రాజెక్టు కోసం ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. దానికి బూట్ మెనూ కావాలి, అంటే ఈసారి డిస్క్ నుంచి లేవాలా పెన్‌డ్రైవ్ నుంచి లేవాలా అని ఎంచుకునే తెర. పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంది, వేరే వాళ్ల సిస్టమ్‌లో పెట్టి చూశాను, బూట్ అవుతోంది. నా దాంట్లో మాత్రం ఎఫ్12 లేదు, ఎఫ్2 లేదు, ఎస్కేప్ లేదు, డిలీట్ లేదు. రూమ్మేట్ లేచి "ఒరే, ఆ తబలా ఆపరా బాబూ" అని దుప్పటి ముసుగెట్టాడు.

కీ ఏదో చెప్పమని అడగడానికి కాదు ఇది రాస్తున్నది. యూఈఎఫ్ఐ అంటే విండోస్ కంటే ముందే లేచి కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామ్‌కి రాసిన ప్రమాణం. దాని కోసం యూఈఎఫ్ఐ ఫోరమ్ అని పెద్ద కంపెనీలు 2005లో ఒక చోట చేరాయి. అప్పట్నుంచి రాసుకుంటున్న ప్రమాణం ఇప్పుడు రెండు వేల పేజీలు దాటింది. అందులో "బూట్ మెనూకి అందరూ ఫలానా కీ పెట్టాలి" అని ఒక్క లైను లేదు. హెచ్‌పీకి ఎఫ్9, డెల్‌కి ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11. ఆసుస్ ల్యాప్‌టాప్‌కి ఎస్కేప్ అయితే అదే ఆసుస్ మదర్‌బోర్డుకి ఎఫ్8. ఒకే ఇంట్లో రెండు తాళాలు! నా వాదన ఇది: అందరికీ ఒకటే కీ ఉండాలి, ఆ కీ ఏదో తెర మీద ఐదు సెకన్లు కనబడాలి. కాదంటారా?

ద్వారకానగర్ రిపేర్:
తమ్ముడూ, ఒకే కీ అంటే చేతులెత్తి దండం పెడతా. నా బల్ల మీద అట్టముక్క ఒకటి అంటించి ఉంటుంది, ఏ కంపెనీకి ఏ కీ అని. పన్నెండేళ్లలో మూడు అట్టలు మార్చాను. ఐదు సెకన్లంటే మాత్రం ఒప్పుకోను. రెండు విండోస్‌లు ఉన్న సిస్టమ్‌లో ఏది కావాలో ఎంచుకోమని విండోస్ ముప్పై సెకన్లు ఆగుతుంది. అలాంటి సిస్టమ్ ఇంటికి తీసుకెళ్లిన ఒక పెద్దాయన సాయంత్రానికల్లా తిరిగొచ్చేశారు. "ఎస్‌ఎస్‌డీ వేశానన్నావు, మరి ఈ అంకెలు తిరగడం ఏటి?" అని. డబ్బులు పోసి సెకన్లు కొనుక్కున్నవాడికి ఐదు సెకన్లు కూడా బరువే.

కీ తెలిసినా పని జరగదు ఒక్కోసారి. ఏసర్‌లో చాలా మోడళ్లకి ఎఫ్12 బూట్ మెనూ అని ఉంటుంది గానీ, ముందు ఎఫ్2తో సెటప్‌లోకి, అంటే యూఈఎఫ్ఐ సెట్టింగుల తెరలోకి వెళ్లి దాన్ని ఆన్ చేస్తే గానీ పలకదు. లెనోవో ఐడియాప్యాడ్‌లో చాలావాటికి పక్కన సన్న కన్నం ఉంటుంది, సిమ్ తీసే పిన్నుతో పొడవాలి. అది రీసెట్ బటన్ అనుకుని భయపడి ముట్టుకోనివాళ్లే ఎక్కువ. కొన్ని ల్యాప్‌టాప్‌లలో పై వరస కీలు సౌండూ వెలుగూ మార్చడానికే పెట్టి ఉంటాయి, అక్కడ ఎఫ్‌ఎన్ కలిపి నొక్కాలి.

ఇంకో ముక్క, ఇది మన వైజాగ్‌కే. బీచ్ రోడ్డు ఫ్లాట్ల నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌లు విప్పితే కీబోర్డు కింద రేకు తుప్పు పట్టి ఉంటుంది. ఉప్పుగాలి మరి. పోయిన నెల ఒకటొచ్చింది, ఎన్నిసార్లు ఆన్ చేసినా తిన్నగా సెటప్‌లోకే పోతోంది. వైరస్ అని వాళ్లు, మదర్‌బోర్డు అని ఇంకో షాపువాళ్లు. తీరా చూస్తే ఎఫ్2 కీ కిందికి దిగి అలాగే ఉండిపోయింది. నువ్వు మెనూ దొరక్క ఏడుస్తుంటే, వాళ్లని సెటప్ వదలటం లేదు.

ఎండాడ ఐటీ:
2012లో విండోస్ 8 తెచ్చేటప్పుడే మైక్రోసాఫ్ట్ విప్పి చెప్పింది కదా. ఎస్‌ఎస్‌డీ ఉన్న మిషన్లో ఎఫ్2, ఎఫ్8 అందుకోవడానికి 200 మిల్లీసెకన్ల కంటే తక్కువ సమయం మిగులుతోందని. అంటే రెప్పపాటు. కీ పట్టుకుని వేలాడే రోజులు పోయాయి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, నీలం తెర వస్తుంది, అందులో "యూజ్ ఎ డివైస్" అని ఉంటే పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. దీనికి ప్రమాణాలూ పోరాటాలూ అవసరమా?

సిరిపురం టెర్మినల్:
విండోస్ లేచి కూర్చుని ఉంటేనే కదండీ మీ షిఫ్ట్ రీస్టార్ట్! బూట్ మెనూ కావాల్సి వచ్చేది ఎక్కువగా అది లేవనప్పుడే. రెండు మూడుసార్లు బూట్ చెడితే రిపేర్ తెర దానంతటదే వస్తుంది, నిజమే. ఆ రిపేర్ ఫైళ్లున్న డిస్కే పోతే? విండోసే లేని మిషన్ అయితే?

మా లైనక్స్ వాళ్లం తక్కువ తిన్నామా అంటే, లేదు. ఉబుంటు ఒక్కటే ఉన్న సిస్టమ్‌లో గ్రబ్ (లైనక్స్‌ని లేపే ప్రోగ్రామ్) మెనూ కనబడదు, దాచి పెడతారు. యూఈఎఫ్ఐ రాకముందటి పాత బయోస్ మిషన్లో షిఫ్ట్ పట్టుకోవాలి, యూఈఎఫ్ఐ మిషన్లో ఎస్కేప్ కొట్టాలి. ఆ ఎస్కేప్ కూడా ఆత్రంగా రెండు మూడుసార్లు కొడితే మెనూ దాటిపోయి గ్రబ్ ప్రాంప్ట్‌లో పడేస్తుంది. నల్ల తెర, ఓ మూల "గ్రబ్" అని మాట, పక్కన కొట్టుకుంటున్న కర్సర్. మొదటిసారి చూసినప్పుడు డిస్క్ మొత్తం చెరిపేశాననుకుని నాకు చెమటలు పట్టాయి. నిజానికి అక్కడ "నార్మల్" అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొడితే ఆ ప్రాంప్ట్ నుంచి బయటపడొచ్చు. ఇది ఆ తెర మీద ఎక్కడా రాసి ఉండదు. ఆ తర్వాత మెనూ ఐదు సెకన్లు కనబడేలా గ్రబ్ సెట్టింగుల ఫైలు మార్చుకున్నాను. నాకేం బరువనిపించలేదు, ఆ ఐదు సెకన్లలో కుర్చీ సర్దుకుంటాను.

గాజువాక ల్యాబ్:
కాలేజీ ల్యాబ్‌లో నలభై సిస్టమ్‌లు చూసుకునేవాడిని. మీరందరూ మీ ఒక్క ల్యాప్‌టాప్ గురించి మాట్లాడుతున్నారు. బూట్ మెనూ కీ తెర మీద రాసి పెడితే ప్రతి కుర్రాడూ ఒక పెన్‌డ్రైవ్ తెస్తాడు. ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా ఫైళ్లు చదవకుండా వేసే తాళం) లేని డిస్క్ అయితే బయటి లైనక్స్‌తో బూట్ చేసి విండోస్ పాస్‌వర్డ్‌తో పని లేకుండా ఫైళ్లన్నీ చదువుకోవచ్చు. దాచి ఉండటమే మంచిది. బిట్‌లాకర్, అంటే విండోస్ వారి డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉన్న చోట ఇంకో తంటా. ఎవడో సెటప్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకం లేని ప్రోగ్రామ్‌తో లేవకుండా ఆపే రక్షణ) కెలికాడు, మర్నాడు 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీ ఎక్కడుందో వెతకడానికి ఒక పూట పట్టింది.

మద్దిలపాలెం ఫైనలియర్:
సార్, దాచడం వేరు, తాళం వేయడం వేరు. తాళంచెవి గుమ్మం పక్క కుండీలో దాచినట్టుంది ఈ కీ సంగతి, దొంగకి తెలుసు, ఇంటికొచ్చిన చుట్టానికే తెలీదు. మీ పెన్‌డ్రైవ్ కుర్రాడికి ఎఫ్12 అని ఎలాగూ తెలుసు. వాణ్ని ఆపేది సెటప్ పాస్‌వర్డూ డిస్క్ ఎన్‌క్రిప్షనూ తప్ప కీ గురించి చెప్పకపోవడం కాదు.

గాజువాక ల్యాబ్:
పాస్‌వర్డ్ పెట్టాం బాబూ. పెట్టినా ఐదారు మోడళ్లలో బూట్ మెనూ పాస్‌వర్డ్ అడక్కుండానే తెరుచుకుంటోంది. పెన్‌డ్రైవ్ బూట్‌నే విడిగా ఆపాల్సి వచ్చింది. అందుకే అంటున్నా.

ద్వారకానగర్ రిపేర్:
తమ్ముడూ, ఇందాకే అడగాల్సింది. నువ్వు ఏ కీబోర్డు మీద కొడుతున్నావు?

మద్దిలపాలెం ఫైనలియర్:
బయటిది అన్నా. ల్యాప్‌టాప్ కీబోర్డు మీద మొన్న పరీక్షలప్పుడు టీ ఒలికింది, పై వరస చచ్చిపోయింది. యూఎస్‌బీ హబ్‌కి తగిలించిన కీబోర్డు వాడుతున్నాను. విండోస్‌లో బాగానే పనిచేస్తోంది కదా అని రాయలేదు.

ద్వారకానగర్ రిపేర్:
అదీ సంగతి! మూడున్నర గంటలు చెవిటివాడి ముందు శంఖం ఊదావు. సెటప్‌లో ఫాస్ట్ బూట్ ఆన్ అయి ఉంటే చాలా మిషన్లు యూఎస్‌బీ సామాన్లను లేపకుండానే డిస్క్‌కి పోతాయి. నువ్వు కొట్టిన దెబ్బలు దానికి వినబడనే లేదు. హబ్ తీసేసి తిన్నగా పోర్టుకి పెట్టు. బ్లూటూత్ కీబోర్డయితే ఇంకా కష్టం, మామూలుగా విండోస్ ఎక్కేదాకా అది జత కలవదు.

సిరిపురం టెర్మినల్:
పేర్లు కలిపేయకండి, అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. సెటప్‌లో ఉండేది ఫాస్ట్ బూట్. విండోస్‌లో ఉండేది ఫాస్ట్ స్టార్టప్, అది షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌ని డిస్క్ మీద రాసిపెట్టి సగం నిద్రలో ఉంచుతుంది. అందుకే షట్‌డౌన్ కంటే రీస్టార్టే పూర్తి షట్‌డౌన్, వినడానికి వింతగా ఉన్నా. ఉబుంటు పక్కన వేసుకుంటే రెండోది కూడా ఆపు. లేకపోతే విండోస్ డ్రైవ్‌లో రాయడానికి లైనక్స్ ఒప్పుకోదు.

మద్దిలపాలెం ఫైనలియర్:
అయింది. హబ్ తీసినా మొదట రాలేదు. ఎండాడ వారు చెప్పిన షిఫ్ట్ రీస్టార్ట్‌తోనే లోపలికి వెళ్లాను, అక్కడ్నుంచి యూఈఎఫ్ఐ సెట్టింగులు, ఫాస్ట్ బూట్ ఆఫ్. ఇప్పుడు ఎఫ్12 మొదటి దెబ్బకే పలికింది. ఉబుంటు ఎక్కుతోంది, ఫైళ్లు కాపీ అవుతున్నాయి.

ఎండాడ ఐటీ:
చివరికి నా దారే దిక్కయింది కదా.

మద్దిలపాలెం ఫైనలియర్:
అయింది సార్, విండోస్ బతికుంది కాబట్టి. అదే తెర మీద "కీబోర్డు దొరకలేదు" అని ఒక్క సెకను రాసి ఉంటే నేను పదకొండున్నరకే పడుకునేవాణ్ని.

ద్వారకానగర్ రిపేర్:
ఒక్క సెకనంటే సరే, దానికి నేనూ ఓటేస్తా. ఐదు మాత్రం కుదరదు. కీబోర్డు తీసుకురా తమ్ముడూ, మార్చేద్దాం. సాయంత్రం ఆరు దాటాక రా, పొద్దున్న రద్దీగా ఉంటుంది.

గాజువాక ల్యాబ్:
మా నలభైలో మాత్రం ఆ ఒక్క సెకను కూడా వద్దు.