నలభై దాటాక అమెరికాలో ఫిజికల్ థెరపీ చదువు: అనుభవాలు

సుధ (డాలస్):
అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. హైదరాబాదులో బీకామ్ చదివి ఇక్కడ అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్ల డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) కోర్సులో చేరి ఫిజికల్ థెరపిస్టు కావాలని గట్టిగా అనుకుంటున్నాను. పెద్ద వయసులో దరఖాస్తు చేసినవారు, చదివినవారు దయచేసి మీ అనుభవాలు తెలుపగలరు.

వెంకట్ (అట్లాంటా):
సుధ గారూ, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి 39వ ఏట చేరాను, ఇప్పుడు లైసెన్సుతో పనిచేస్తున్నాను. ఇంటర్వ్యూలో నా వయసు గురించి ఎవరూ అడగలేదు. సైన్సు ఈమధ్య ఏం చదివారన్నదే వారి ప్రశ్న. అనాటమీ-ఫిజియాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ సాధారణంగా ముందే పూర్తిచేసి ఉండాలి. పైగా సైన్సు సబ్జెక్టులు గత పదేళ్లలో, కొన్నిచోట్ల ఇంకా ఇటీవలే చదివినవై ఉండాలని చాలా కళాశాలలు నిబంధన పెడతాయి. వీటిని కమ్యూనిటీ కాలేజీ సాయంత్రం తరగతులలో ఒకటి రెండు చొప్పున పూర్తిచేయవచ్చు కనుక ఉద్యోగం అప్పుడే మానవద్దు. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది మీ డిగ్రీ సంగతి: మన మూడేళ్ల బీకామ్‌ను ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా అన్ని కళాశాలలూ ఒప్పుకోవు. ఇక దరఖాస్తు కోసం థెరపిస్టు పనిని దగ్గరుండి గమనించే గంటలను ఒక్క క్లినిక్‌తో సరిపెట్టకండి. శస్త్రచికిత్స మరునాడు రోగి నడుముకు బెల్టు కట్టి, మంచం అంచున కూర్చోబెట్టి, మెల్లగా లేపి నిలబెట్టడం ఆసుపత్రిలో చూస్తే ఈ పని మీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

మాధవి (కొలంబస్):
నా వయసు 46, రెండో సంవత్సరంలో ఉన్నాను. ల్యాబు గురించి చెప్పాలి, ఎందుకంటే చేరేదాకా ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అక్కడ అన్నీ ఒకరి మీద ఒకరం నేర్చుకుంటాం. భుజం ఎముక అంచు వేలికి తగిలేదాకా వెతకాలన్నా, గోనియోమీటరుతో మోకాలి వంపు కొలవాలన్నా, షార్ట్స్ వేసుకుని బల్ల మీద పడుకోవాలి, పాతికేళ్లు నిండని సహాధ్యాయి మన ఒంటి మీద చెయ్యి వేస్తారు. మొదట్లో చాలా బెరుకుగా ఉండేది. అయితే చూడవలసిన భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటితో కప్పి ఉంచడం, తాకే ముందు చెప్పి అనుమతి అడగడం కూడా పాఠంలో భాగమే, వాటికీ మార్కులుంటాయి. రోగి మనసు నాకు ఆ బల్ల మీదే అర్థమైంది. కండరాల పేర్లు కంఠస్థం చేయడంలో ఆ పిల్లలు మనకన్నా చురుకు; భయపడుతున్న మనిషితో మాట్లాడటంలో మనకు అనుభవం ఎక్కువ. పూర్తికాలపు క్లినికల్ శిక్షణ కనీసం 30 వారాలు ఉంటుంది, అది వేరే ఊళ్లో పడవచ్చు. ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ప్రసన్న (న్యూజెర్సీ):
ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫెడరల్ ప్రభుత్వ విద్యారుణాలకు సాధారణంగా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. అందులోనూ డిగ్రీ తరువాతి చదువులకిచ్చే గ్రాడ్ ప్లస్ రుణాలు 2026 జూలై 1 నుంచి కొత్తవారికి ఇవ్వరు. 47, 48 ఏళ్లకు మొదటి జీతం అందుకునేవారికి పెద్ద అప్పు మంచిది కాదని నా అభిప్రాయం. సుమారు రెండేళ్లలో అయ్యే పీటీఏ, అంటే అసిస్టెంటు కోర్సును కూడా ఆలోచించండి. థెరపిస్టు పర్యవేక్షణలో పనిచేయాలి, కానీ రోగుల దగ్గరే ఉంటారు.

సుధ (డాలస్):
అందరికీ కృతజ్ఞతలు. గ్రీన్‌కార్డు ఉంది. ముందుగా డిగ్రీని మదింపు చేయించి, వచ్చే టర్ములో అనాటమీ మొదలుపెడతాను. పీటీఏ చేసి, ఆ తరువాత డీపీటీకి వెళ్లినవారు ఎవరైనా ఉంటే రాయగలరు.