చిచెన్ ఇట్సా పిరమిడ్ ఎక్కనివ్వాలా, వద్దా?

రాళ్ళబాట:
మెక్సికోలో చిచెన్ ఇట్సా పెద్ద పిరమిడ్ ఎల్ కాస్తియో మీదికి 2006 నుంచి ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. ఆ ఏడాది ఒక సందర్శకురాలు మెట్ల మీంచి పడి చనిపోయాక మూసేశారు. మెక్సికో సిటీ దగ్గరి పురాతన నగరం తియోతివాకాన్‌లో సూర్య పిరమిడ్ 2020లో కోవిడ్‌తో మూతపడింది. దాని పక్కనున్న చంద్ర పిరమిడ్ కింది అంచె వరకు మాత్రం 2025లో మళ్ళీ వదిలారు. ఈ నిషేధం నాకైతే బద్ధకపు పరిష్కారంలా కనిపిస్తోంది. ఎల్ కాస్తియో ఉత్తరం, పడమర ముఖాలు 20వ శతాబ్దంలో తిరిగి నిలబెట్టినవి. తూర్పు, దక్షిణం ఇప్పటికీ చాలావరకు శిథిలంగానే ఉన్నాయి. అంటే మనం కాపాడుతున్న మెట్లు వందేళ్ళ నాటివి, వెయ్యేళ్ళ నాటివి కావు. చేత్తో పట్టుకోవడానికి ఏదైనా కట్టి, రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టి వదలొచ్చుగా?

సున్నపురాయి:
ముఖాల సంగతి నిజమే. కానీ ఆ రాళ్ళు దేని మీద కూర్చున్నాయో కూడా చూడాలి కదండీ. పైన కనిపించేది ఒక వరస చెక్కిన సున్నపురాయి, దాని వెనకంతా రాళ్ళూ సున్నం కలిపి దట్టించిన కూరుడు. దీన్ని కట్టిన మాయా వాళ్ళ కాలంలో ఈ రాయి ఇలా బయటికి కనిపించేదే కాదు. మొత్తం సున్నపు గచ్చుతో పూసి, రంగు వేసేవాళ్ళు. వాన పడితే నీళ్ళు గచ్చు మీంచి జారిపోయేవి. ఆ గచ్చు ఎప్పుడో పోయింది. ఇప్పుడు బూట్ల తాకిడికి మెట్ల అంచులు గుండ్రబడి రాళ్ళు కదిలితే అతుకుల్లో నీళ్ళు దిగుతాయి, లోపలి కూరుడు కరుగుతుంది, కొన్నాళ్ళకు గోడ పొట్ట ఉబ్బుతుంది. అప్పుడు పైరాయి మారిస్తే చాలదు, లోపల నుంచి విప్పాలి.

లోపల ఏముందో తెలుసుగా? ఇంకో పాత పిరమిడ్. దాని గుడిలో పచ్చరాళ్ళు పొదిగిన ఎర్రటి జాగ్వార్ సింహాసనం 1930లలో బయటపడింది. మీరన్న వందేళ్ళ మెట్లు దాని నెత్తిన ఉన్నాయి.

మెట్లమీద_మల్లి:
"అప్పట్లో వాళ్ళూ ఎక్కేవాళ్ళుగా" అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్తున్నా: ఎక్కింది పూజారులు, రాజులు, అదీ పూసిన గచ్చు మీద. ఇప్పుడు చిచెన్ ఇట్సాకి ఏడాదికి ఇరవై లక్షలకు పైగా జనం వస్తున్నారు. మెట్లు నాలుగు వైపులా 91 చొప్పున, వాలు 45 డిగ్రీల దాకా. మెట్టు ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ, పాదం పూర్తిగా ఆనదు. ఎక్కేటప్పుడు ముందుకు వంగుతాం కాబట్టి తెలియదు. ప్రమాదమంతా దిగేటప్పుడే: మడమ మాత్రమే ఆనుతుంది, అరిగిన సున్నపురాయి తడిస్తే సబ్బులా జారుతుంది. అలాంటి మెట్ల మీద పక్కకు తిరిగి, ఏటవాలుగా దిగాలి. చెప్పులు, నున్నటి అడుగున్న బూట్లు వద్దే వద్దు.

రాళ్ళబాట:
మరి గ్వాటెమాలా వాళ్ళు ఎలా చేస్తున్నారు? అక్కడి మాయా నగరం టికాల్‌లో ఒకటో గుడి మూసేశారు, కానీ రెండో గుడికి, నాలుగో గుడికి పక్కనుంచి చెక్క మెట్లు కట్టారు. నాలుగోది 60 మీటర్లు పైనే. అడవి నెత్తిన నిలబడి మిగతా గుడుల శిఖరాలు చూడొచ్చు, రాయి మీద బరువు పడదు. మెక్సికోకి ఇది చేతకాదా?

సున్నపురాయి:
చేతనవుతుంది, కానీ చోటు చూడండి. నాలుగో గుడి కింది భాగం ఇప్పటికీ మట్టీ చెట్లతో కప్పి ఉంది, మెట్లు ఆ వాలు మీదుగా పోతాయి, చూపు చెడదు. ఎల్ కాస్తియో నాలుగు వైపులా ఖాళీ మైదానంలో ఉంది. విషువత్తు రోజుల్లో, అంటే పగలూ రాత్రీ సమానమైనప్పుడు, ఉత్తరపు మెట్ల అంచు మీద పాము పాకుతున్నట్టు పడే నీడ చూడ్డానికే జనం విరగబడతారు. అక్కడ చెక్క చట్రం ఏ ముఖానికి ఆనిస్తారు? పైగా ఆ తేమలో చెక్క త్వరగా పుచ్చుతుంది, మార్చుతూ ఉండాలి.

నా మాటొకటే, అన్నిటికీ ఒకే రూలు వద్దు. కలక్‌ముల్ అనే ఇంకో మాయా నగరం హైవే నుంచి అడవిలో 60 కిలోమీటర్లు లోపలికి. చేరేవాళ్ళే తక్కువ కాబట్టి అక్కడ ఎక్కనిచ్చినా రాయి తట్టుకుంటుంది. పలెంకే అనే మాయా నగరంలో రాజు పకాల్ సమాధి గదికి మెట్లతో పని లేదు, జనం ఊపిరి తేమే చాలు చెరపడానికి.

దారిమనిషి:
ఎక్కకపోతే చూసేదేముంది అనేవాళ్ళకి ఒక చిట్కా. తియోతివాకాన్‌లో ఏదైనా గోడ దగ్గర ఆగి అతుకుల్లోకి చూడండి. గారలో చిన్న చిన్న గులకరాళ్ళు వరసగా గుచ్చి ఉంటే ఆ భాగం ఇప్పటి వాళ్ళు తిరిగి కట్టింది. అవి ఆగిపోయిన చోటి నుంచి పాత గోడ. సూర్య పిరమిడ్ దగ్గర మాత్రం ఆ లెక్కతోనే ఆగొద్దు: 1905 నుంచి 1910 మధ్య తవ్వించిన లియోపోల్డో బాత్రెస్ పై పొరని మీటర్ల కొద్దీ ఒలిపించేశాడు. మనం చూసే ఆకారం అసలుది కాదు. పైకెక్కి ఫొటో దిగిన వాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో!

ఎల్ కాస్తియో మెట్ల ఎదురుగా నిలబడి గట్టిగా చప్పట్లు కొడితే పిట్ట కూతలా తిరిగొస్తుంది. అయితే పది గంటలు దాటాక గైడ్లంతా అదే పని, ఏ చప్పట్టు ఎవరిదో తెలీదు.

రాళ్ళబాట:
సరే, ఎల్ కాస్తియో వరకు ఒప్పుకుంటా. సూర్య పిరమిడ్ సంగతి వేరు. అసలు పొర పోయిందని మీరే అన్నారు, మెట్లూ వెడల్పు. కింది అంచె దాకా వదలడానికి అడ్డేమిటో ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇంతకీ, కాంకూన్‌లో దిగి పొద్దున్నే చిచెన్ చేరాలంటే?

దారిమనిషి:
సుమారు 200 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. గేటు 8కి తెరుస్తారు, కానీ అది చిచెన్ ఉన్న యుకటాన్ రాష్ట్రపు టైమ్. కాంకూన్ గడియారం ఒక గంట ముందుంటుంది, అంటే మీ చేతి గడియారంలో 9. వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది. సాయంత్రం ఫ్లైట్ పెట్టుకున్న వాళ్ళు దొరికిపోయేది ఇక్కడే. టికెట్లు రెండు, ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే అమెరికా వీసా స్టాంప్ చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంప్ గడువు తీరి చేతిలో హెచ్1బి అప్రూవల్ కాగితం మాత్రమే ఉంటే అది పనికిరాదు, విడిగా మెక్సికో వీసా తీసుకోవాలి.